దండానికి ఆ గుణం లేదు

కొత్తగా బడిలో వేసిన రోజు పిల్లవాణ్ణి పంతులుగారి ముందు నిలబెట్టి "కళ్ళు రెండూ వదిలేసి మిగతాదంతా మీ ఇష్టం సార్, చదువొస్తే చాలు" అనే తండ్రులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ మాటన్నాయన క్రూరుడేమీ కాదు, బిడ్డ బాగుపడాలనే అంటాడు. దండం దశగుణం భవేత్, దెబ్బకు దెయ్యం జడుస్తుంది, మొక్కై వంగనిది మానై వంగునా... ఆయన విన్న లోకజ్ఞానమంతా అటువైపే ఉంది. చదువుకున్నవాళ్ళు అదే నమ్మకాన్ని కాస్త మర్యాదగా చెబుతారు: "ఇప్పటి పిల్లలకు భయభక్తులు లేవండీ. మేం దెబ్బలు తిన్నాం కాబట్టే ఈ స్థాయికొచ్చాం." సన్మాన సభల్లో పెద్దమనుషులు తమ మాస్టారి బెత్తాన్ని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారు. సభ చప్పట్లు కొడుతుంది.

ఈ నమ్మకం తప్పు. పిల్లల్ని కొట్టడం అన్యాయం అనే వాదన ఒకటుంది, దానికి నేను పూర్తిగా కట్టుబడి ఉన్నాను. కానీ ఇక్కడ చెప్పదలుచుకున్నది అది కాదు. మనిషి ఎలా నేర్చుకుంటాడు అన్న శాస్త్రం ముందు నిలబెడితేనే ఈ నమ్మకం నిలవదు. కొట్టి నేర్పుతున్నాం అనుకునేవాళ్ళు అసలు ఏం నేర్పుతున్నారో చూస్తే గుండె తరుక్కుపోతుంది.

ఇందులో బాధ కలిగించే విషయం మరొకటుంది. ఈ శాస్త్రం మన ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, అధ్యాపన శాస్త్రానివే. అవనిగడ్డ కోచింగ్ హాస్టళ్ళలో తెల్లవారుజామునే లేచి థార్న్‌డైక్ యత్నదోష అభ్యసనం, పావ్లోవ్ శాస్త్రీయ నిబంధనం, స్కిన్నర్ కార్యసాధక నిబంధనం అంటూ వేలమంది బిట్లు వల్లెవేస్తారు. పునర్బలనం, విరమణ, అయత్నసిద్ధ స్వాస్థ్యం... ఏది అడిగినా సరైన ఆప్షన్ పెట్టగలరు. ఉద్యోగం వచ్చి తరగతిలో అడుగుపెట్టాక వాళ్ళలో కొందరు బెత్తం అందుకుంటారు. పరీక్షలో తాము సరిగ్గా రాసిన జవాబులే ఆ బెత్తాన్ని వద్దంటున్నాయని వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

థార్న్‌డైక్ సంగతే తీసుకుందాం. 1898లో పిల్లుల్ని పజిల్ పెట్టెల్లో పెట్టి చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన ఫలిత నియమం మన అభ్యర్థులకు కంఠతా వచ్చు. తృప్తినిచ్చే ఫలితం వస్తే ఆ ప్రతిస్పందన బలపడుతుంది, బాధ కలిగితే బలహీనపడుతుంది. బెత్తం పట్టినవాళ్ళకు ఈ రెండో సగం పెద్ద ఆసరా. అయితే ఆ రెండో సగాన్ని థార్న్‌డైకే తర్వాత సవరించుకున్నాడు. ఒక స్పానిష్ మాట ఇచ్చి, పక్కన అయిదు ఇంగ్లిష్ అర్థాలు పెట్టి, ఊహించి ఒకటి చెప్పమనేవాడు. జవాబు సరైతే 'రైట్', కాకపోతే 'రాంగ్'. 'రైట్' అనిపించుకున్న జవాబునే మళ్ళీ ఎంచుకోవడం బాగా పెరిగింది. 'రాంగ్' అనిపించుకున్న జవాబు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 1932 నాటికి ఆయన తన నియమాన్ని మార్చి, మెప్పు బలపరిచినంతగా శిక్ష బలహీనపరచదని తేల్చాడు. తొంభై ఏళ్ళు దాటిన ఈ సవరణ మన బళ్ళదాకా రాలేదు.

స్కిన్నర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. మీట నొక్కితే తిండి దొరుకుతుందని నేర్చుకున్న ఎలుకలకు తిండి ఆపేశాడు. కొన్నిటికి మాత్రం మీట నొక్కినప్పుడల్లా ఆ మీటే ఎదురుతిరిగి పాదాల మీద కొట్టేట్టు ఏర్పాటు చేశాడు. దెబ్బతిన్న ఎలుకలు వెంటనే నొక్కడం తగ్గించాయి. అక్కడితో ప్రయోగం ఆపేసి ఉంటే దండమే గెలిచిందని రాసుకునేవాళ్ళం. దెబ్బలు ఆగాక అవి మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాయి. రెండో రోజు ముగిసేసరికి, దెబ్బ తిన్నవీ తిననివీ మొత్తంమీద నొక్కిన లెక్క ఇంచుమించు ఒకటే అయింది. 1938లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉన్న మాట ఇది. దెబ్బ ఆ అలవాటును తాత్కాలికంగా తొక్కిపెట్టింది, చెరపలేకపోయింది. దీనికి ఎలుకలే అక్కర్లేదు. బెత్తమున్న సారు తరగతిలో ఉన్నంతసేపూ సూది పడినా వినిపిస్తుంది. ఆయన స్టాఫ్ రూముకు వెళ్ళగానే ఆ గోల పక్క ఊరికి వినబడుతుంది. సారు బయటికెళ్ళాక పిల్లలు ఎలా ఉన్నారన్నదే అసలు కొలత.

శిక్ష అసలే పనిచేయదని నేను అనను. పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేస్తుందో కూడా తెలుసు. నేథన్ అజ్రిన్, విలియం హోల్జ్ 1966లో ఆ షరతులన్నీ ఒకచోట పెట్టారు. తప్పు చేసిన క్షణంలోనే శిక్ష పడాలి. చేసిన ప్రతిసారీ పడాలి, ఒక్కసారి కూడా తప్పిపోకూడదు. మొదటి దెబ్బే చాలా తీవ్రంగా ఉండాలి. తప్పించుకునే దారి ఉండకూడదు. అదే ఫలితాన్నిచ్చే వేరే మంచి మార్గం అందుబాటులో ఉండాలి. యాభైమంది పిల్లలున్న తరగతిలో ఈ షరతుల్లో ఏ ఒక్కటి అమలవుతుంది? సోమవారం రాయని హోంవర్కుకు మంగళవారం దెబ్బ పడుతుంది. తెలుగు సారు కొడతారు, సోషల్ మేడమ్ కొట్టరు. అన్నిటికన్నా ముఖ్యం తీవ్రత. మొదట చెవి మెలి, తర్వాత తొడపాశం, ఆ తర్వాత స్కేలు, చివరికి బెత్తం. ఇలా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే జంతువు ఆ బాధకు అలవాటుపడి చేసే పని చేసుకుపోతుందని వాళ్ళు స్పష్టంగా చెప్పారు. "వీడికి దెబ్బలు అలవాటైపోయాయండీ, ఒళ్ళు మొద్దుబారింది" అని మన ఉపాధ్యాయులే చెబుతుంటారు. ఆ మాట పిల్లవాడి మీద ఫిర్యాదుగా చెబుతారు. అది వాళ్ళ పద్ధతి పనిచేయలేదన్న సాక్ష్యం. ఇక మొదటి దెబ్బే ఒళ్ళు హూనమయ్యేలా కొట్టాలన్న షరతుకు ఒప్పుకునే తండ్రి ఎవరైనా ఉంటే ఈ వ్యాసం ఆయనకోసం కాదు.

మరి పనిచేయనిదాన్ని ఇంతమంది తెలివైనవాళ్ళు ఎందుకు నమ్ముతున్నారు? కళ్ళారా చూశాం అంటారు. నిజమే, చూస్తారు. ఏం చూస్తున్నారన్నదే ప్రశ్న.

మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులకు ఒకసారి పాఠం చెబుతూ, తిట్టడం కన్నా మెచ్చుకోవడం మేలన్నాడు. ఒక శిక్షకుడు లేచి అడ్డుపడ్డాడు. విమానం బాగా నడిపినవాణ్ణి మెచ్చుకుంటే మర్నాడు అధ్వానంగా నడుపుతున్నాడు, చెడ్డగా నడిపినవాణ్ణి కేకలేస్తే మర్నాడు బాగుపడుతున్నాడు, నా అనుభవం ఇది అన్నాడు. ఆయన చూసింది నిజం, తీసిన అర్థం తప్పు. ఎవరి పనితీరైనా ఒక సగటు చుట్టూ తిరుగుతుంటుంది. ఓ రోజు మరీ చెడ్డగా చేసినవాడు తర్వాత రోజు తన సగటువైపే వస్తాడు, ఎవరు ఏమన్నా, అనకపోయినా. మరీ బాగా చేసినవాడూ అంతే, తర్వాత కాస్త దిగుతాడు. స్లిప్ టెస్టులో ఎప్పుడూ ఇరవైకి పన్నెండు తెచ్చుకునే పిల్ల, జ్వరమొచ్చో నిద్ర చాలకో ఒకసారి అయిదు తెచ్చుకుంటుంది. చేతుల మీద నాలుగు పడతాయి. వచ్చేవారం పదకొండు వస్తాయి. సారుకు బెత్తం మీద నమ్మకం గట్టిపడుతుంది. ఇంకో పిల్లకు పద్దెనిమిది వస్తే మెచ్చుకుంటారు, వచ్చేవారం పద్నాలుగుకు దిగుతుంది, పొగిడితే నెత్తికెక్కుతుందన్న పాఠం ఆయనకు అందుతుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ప్రతివారం ఇదే జరుగుతుంటే ఏ మంచి మనిషైనా కొట్టడాన్ని నమ్ముతాడు, మెచ్చుకోవడాన్ని మానేస్తాడు. అనుభవం మనకు గురువే, కానీ ఈ ఒక్కచోట అది అందరికీ తప్పు పాఠం చెబుతుంది.

రెండో కారణం రుణాత్మక పునర్బలనం. బిట్లలో తరచూ తప్పు పెట్టే ప్రశ్న ఇది, శిక్షకు ఇది మరోపేరని పొరపడతారు. బాధపెట్టేది తొలగిపోవడం వల్ల ఒక పని బలపడితే అది రుణాత్మక పునర్బలనం. పిల్లలు గోల చేస్తున్నారు, తల పగిలిపోతోంది, బల్ల మీద బెత్తంతో ఒక్కటి, ఇద్దరి వీపు మీద చెరొకటి. నిశ్శబ్దం. ఇక్కడ ఎవరి ప్రవర్తన బలపడింది? పిల్లల గోల రేపు మళ్ళీ ఉంటుంది. బలపడింది బెత్తం ఎత్తే చెయ్యి. ఆ గదిలో గట్టిగా నేర్చుకున్నది ఉపాధ్యాయుడే, తనకు తెలియకుండా. ఇంట్లో తల్లీ అంతే. అందుకే కొట్టే అలవాటు పెరుగుతుందే గాని తగ్గదు.

పిల్లలకు ఏమీ అబ్బదని అనుకోవద్దు, వాళ్ళూ నేర్చుకుంటారు. మా వీధిలో ఒక అరుగు మీద సాయంత్రంపూట ట్యూషన్ జరిగేది. రెండో తరగతి కుర్రాడొకడు ఏడో ఎక్కం ఒప్పజెబుతున్నాడు. ఏడైదులు ముప్పై ఐదు, ఏడార్లు నలభై రెండు, ఏడేళ్ళు నలభై తొమ్మిది దాకా గడగడా వచ్చాడు. ఏడెనిమిదుల దగ్గర ఆగాడు. వాడి చూపు ట్యూషన్ చెప్పే టీచరు ముఖం మీద లేదు, పుస్తకం మీద లేదు, ఆమె ఒళ్ళో ఉన్న స్టీలు స్కేలు మీద ఉంది. వేళ్ళు వాటంతటవే గుప్పిట్లోకి ముడుచుకున్నాయి. "యాభై నాలుగు" అన్నాడు. గణుపుల మీద దెబ్బ పడింది. మొదట్నుంచీ చెప్పమంది. ఈసారి ఏడార్ల దగ్గరే గొంతు సన్నబడింది, ఏడేళ్ళ దగ్గర మాట పెగల్లేదు. కాసేపటి కిందట తడుముకోకుండా చెప్పిన లెక్క అది. మూడోసారి ఏడో ఎక్కం అనగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పావ్లోవ్ కుక్కల గురించి చదివినవాళ్ళు ఎవరైనా ఆ అరుగు మీద ఏం జరుగుతోందో చెప్పగలరు. గంట మోగిన తర్వాత తిండి వస్తే కొన్నాళ్ళకు గంటకే లాలాజలం ఊరుతుంది. లెక్క తర్వాత దెబ్బ వస్తే లెక్కకే భయం ఊరుతుంది. ఆ భయం ఉన్నచోట ఉండదు, ముందుకు జరుగుతుంది. ఏడెనిమిదుల నుంచి ఏడేళ్ళకు, అక్కడి నుంచి ఎక్కానికి, ఎక్కం నుంచి లెక్కల పుస్తకానికి, పుస్తకం నుంచి బడికి. 1920లో వాట్సన్, రేనర్ కలిసి జాన్స్ హాప్కిన్స్‌లో పదకొండు నెలల పసివాడి మీద చేసిన ప్రయోగం ఇదే చూపింది. తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీని సుత్తితో మోగించారు. అలా ఏడుసార్లు చేసేసరికి ఎలుక కనిపిస్తేనే ఏడ్చాడు. తర్వాత కుందేలును చూసినా, బొచ్చుకోటును చూసినా ఏడ్చాడు. ఆ భయాన్ని తీసేయకుండానే బిడ్డను పంపేశారు. ఇలాంటి ప్రయోగం ఇవాళ ఏ విశ్వవిద్యాలయంలోనూ చేయనివ్వరు. మన బళ్ళలో మాత్రం లెక్కల పీరియడ్ పేరుతో ఇంకా సాగుతోంది.

భయాన్ని ఎలా పోగొట్టాలో కూడా అప్పుడే తెలిసింది. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే భయపడే పీటర్ అనే మూడేళ్ళ పిల్లవాడికి ఇష్టమైన తినుబండారం పెడుతూ, కుందేలు బోనును గదికి ఆ చివర ఉంచి, వాడు తట్టుకోగలిగినంత మేరకే రోజురోజుకూ దగ్గరికి తెచ్చింది. చివరికి పిల్లవాడే కుందేలును నిమిరాడు. లెక్కలంటే వణికే పిల్లలకు లెక్కలు నేర్పే మంచి ఉపాధ్యాయులంతా, జోన్స్ పేరు విన్నా వినకపోయినా, చేస్తున్నది ఇదే. వచ్చిన లెక్కతో మొదలుపెట్టి, రానిదాన్ని ఓపిగ్గా దగ్గరికి తెస్తారు.

దెబ్బ నేర్పే ఇంకో విద్య అబద్ధం. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ పశ్చిమ ఆఫ్రికాలో రెండు బళ్ళు ఎంచుకున్నారు. ఒకదానిలో తప్పులకు కర్రతో కొడతారు, రెండోదానిలో మందలిస్తారు. మూడు, నాలుగేళ్ళ పిల్లల్ని ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి, వెనకున్న బొమ్మను తొంగిచూడొద్దని చెప్పి బయటికెళ్ళారు. రెండు బళ్ళ పిల్లలూ తొంగిచూశారు, పిల్లలు కాబట్టి. కొట్టే బడి పిల్లల్లో ఎక్కువమంది చూడలేదని అబద్ధమాడారు, ఆడిన అబద్ధాన్ని నేర్పుగా నిలబెట్టుకోగలిగారు కూడా. 2011లో అచ్చయిన పరిశోధన ఇది. ప్రోగ్రెస్ రిపోర్టు మీద నాన్న సంతకం తనే పెట్టే పిల్లవాణ్ణి దొంగ అనేముందు ఈ ఫలితం గుర్తుచేసుకోవాలి.

ఏమీ చేయకుండా కూలబడిపోవడం వీటన్నిటికన్నా పెద్ద నష్టం. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కొన్ని కుక్కలకు తలతో పలక నొక్కితే షాక్ ఆగే వీలిచ్చారు. మరికొన్నిటికి అంతే షాక్ ఇచ్చి, అవి ఏం చేసినా ఆగనివ్వలేదు. మర్నాడు అన్నిటినీ చిన్న అడ్డుగోడ దూకితే షాక్ తప్పించుకోగల పెట్టెలో వేశారు. మొదటివి దూకాయి. రెండో గుంపులో చాలావరకు దూకే ప్రయత్నం కూడా చేయకుండా పడుకుని భరించాయి. దీనికి నేర్చుకున్న నిస్సహాయత అని పేరు పెట్టారు. యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన పరిశోధనలు చూసుకుని వాళ్ళిద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. ఆగని బాధ ముందు చతికిలబడటం నేర్చుకునేది కాదు, అది జీవికి పుట్టుకతో ఉన్న స్పందన. నేర్చుకోవాల్సింది నా చేతల వల్ల పరిస్థితి మారుతుంది అన్న సంగతి. దాన్ని అనుభవం నేర్పాలి. ఎంత చదివినా చివరి బెంచీ, ఎలా రాసినా గోడకుర్చీ అయిన పిల్లవాడికి ఆ అనుభవం ఎక్కడిది? వాణ్ణి "సోమరి" అని పిలిచే గొంతులన్నీ తమ చేతులతో తయారుచేసినదాన్నే తిడుతున్నాయి.

"మేం తిన్నాం, మేం బాగుపడలేదా?" దీనికి నా జవాబు సూటిగానే ఉంటుంది. మీరు బాగుపడ్డారు, మీ పక్కన కూర్చుని అవే దెబ్బలు తిని అయిదో తరగతిలో బడి మానేసినవాళ్ళ సంగతేమిటి? ఊరి బయట ఇటుకబట్టీకో, పశువుల వెంటో వెళ్ళిన వాళ్ళను సన్మాన సభలకు పిలవరు, వాళ్ళు ఆత్మకథలు రాయరు. బతికి బట్టకట్టినవాళ్ళ సాక్ష్యం ఒక్కటే విని తీర్పు చెప్పడం న్యాయం కాదు. పైగా మీ మాస్టారు మీకు సాయంత్రాలు ఇంటిదగ్గర కూర్చోబెట్టి చెప్పారు, ఫీజు కట్టలేకపోతే తనే కట్టారు, మీ నాన్నకు నచ్చజెప్పి పై చదువుకు పంపారు. ఆ మేళ్ళన్నిటినీ తీసుకెళ్ళి బెత్తం ఖాతాలో వేయడం ఆయనకే అన్యాయం.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్ళూ ఉన్నారు. యంగ్ లైవ్స్ అధ్యయనం నాలుగు దేశాల్లో పిల్లల్ని ఏళ్ళ తరబడి వెన్నంటి చూసింది. మన దేశంలో వాళ్ళు ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. 2009 ప్రాంతంలో ఎనిమిదేళ్ళ పిల్లల్ని అడిగితే, గడిచిన వారం రోజుల్లో బడిలో దెబ్బలు తిన్నామన్నవాళ్ళు 78 శాతం. పదిహేనేళ్ళవాళ్ళలో 34 శాతం. చెప్పేది అర్థం చేసుకునే వయసు వచ్చాక దెబ్బలు తగ్గాయి, ఏం చెప్పినా బెదిరే వయసులో ఎక్కువ పడ్డాయి. తిరగబడలేనివాళ్ళనే కొడుతున్నామని ఈ రెండు అంకెలూ చెబుతున్నాయి.

గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయను. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో 75 పరిశోధనల్ని, లక్షా అరవైవేల మంది పిల్లల వివరాల్ని కలిపి చూశారు. ఇంట్లో పెద్దలు కొట్టే చిన్న దెబ్బలకు, పిల్లల ఎదుగుదలలో 17 అంశాలకు సంబంధం వెతికితే 13 అంశాల్లో కీడు కనిపించింది, మేలు ఒక్కదానిలోనూ కనిపించలేదు. దీనికి ఎదురు చెప్పే పండితులున్నారు. అల్లరి పిల్లలకే దెబ్బలెక్కువ పడతాయి కాబట్టి, దెబ్బ వల్ల అల్లరో అల్లరి వల్ల దెబ్బో తేలలేదని వాళ్ళంటారు. సరైన ప్రశ్నే. అందుకే కొందరు పరిశోధకులు మొదట్లో పిల్లల అల్లరి ఎంతో కొలిచి, దాన్ని లెక్కలోంచి తీసేసి, కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూశారు. అలా చూస్తే ఆ సంబంధం చిన్నదైంది గానీ కొట్టడం మేలు చేసినట్టు తేలలేదు. అదీగాక ఒక పసివాడి ఒంటిమీద చెయ్యి వేసేవాడే ఆ పని వల్ల మేలుందని రుజువు చేయాలి. కీడుందని నిరూపించండి చూద్దాం అని ఎదుటివాళ్ళను అడిగే హక్కు అతనికి లేదు.

"అందరూ ఒకటి కాదండీ. కొందరు మొండివాళ్ళుంటారు, రాటుదేలిన ఘటాలు. వాళ్ళకు మాటలు పనికిరావు." ఈ మాట వినని స్టాఫ్ రూము ఉండదు. ఇక్కడే మనోవిజ్ఞానం చెప్పేది మన నమ్మకానికి పూర్తిగా తలకిందులు. 1957లో డేవిడ్ లిక్కెన్, సంఘవ్యతిరేక మూర్తిమత్వమని గుర్తించిన ఖైదీల చేత మీటలతో ఒక చిక్కుదారి ప్రయోగం చేయించాడు. సరైన మీటల వరుస నేర్చుకోవాలి. కొన్ని తప్పు మీటలకు మాత్రం షాక్ తగులుతుంది, ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు. దారి నేర్చుకోవడంలో వాళ్ళు ఎవరికీ తీసిపోలేదు. షాక్ మీటలను తప్పించుకోవడం మాత్రం వాళ్ళలో భయం బొత్తిగా లేనివాళ్ళకు అబ్బలేదు. మామూలువాళ్ళకు అది దానంతటదే అబ్బింది. అంటే నిజంగా గుండె రాయైనవాడికి బాధ వల్ల బుద్ధి రాదు. బాధకు చప్పున బెదిరేది మెత్తటి మనసున్నవాడు, వాడికి ఒక చూపు చాలు.

మూర్తిమత్వ రుగ్మత అన్న మాట పిల్లల విషయంలో చాలా జాగ్రత్తగా వాడాలి. పద్దెనిమిదేళ్ళు నిండనిదే సంఘవ్యతిరేక మూర్తిమత్వ రుగ్మత అని ఏ వైద్యుడూ నిర్ధారించకూడదని మానసిక రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే గ్రంథమే చెబుతుంది. ఏడో తరగతి పిల్లవాణ్ణి "సైకో" అనే నోళ్ళకు ఆ అధికారం ఎవరిచ్చారు? అయినా ఎదుటివాడి బాధ అంతగా అంటని స్వభావం కొందరు పిల్లల్లో చిన్నప్పుడే కనిపించే మాట నిజం. 2005లో డేవిడ్ హావ్స్, మార్క్ డాడ్స్ అలాంటి పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి చూశారు. మంచి పనిని గుర్తించి మెచ్చుకునే భాగం ఆ పిల్లలపై పనిచేసింది. తప్పుకు పక్కన కూర్చోబెట్టే భాగం వాళ్ళపై తక్కువ పనిచేసింది. గ్రజీనా కొచాన్స్కా ఏళ్ళతరబడి తల్లీబిడ్డల్ని గమనించి చెప్పినదీ దీనికి తోడే. పిరికి స్వభావం పిల్లల్లో మనస్సాక్షి మెత్తటి క్రమశిక్షణతో పెరుగుతుంది. భయమెరగని పిల్లల్లో అది తల్లితో ఉన్న గట్టి అనుబంధం వల్ల పెరుగుతుంది. భయస్థుడికి దెబ్బ అక్కర్లేదు, భయం లేనివాడికి దెబ్బ అంటదు. ఇక దెబ్బ ఎవరికోసం?

మొండివాళ్ళుగా ముద్రపడ్డవాళ్ళలో ఇంకొందరున్నారు. ఒత్తులూ గుణింతాలూ ఎంత దిద్దినా తారుమారయ్యే పిల్లలు, ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలు. చదవడంలో, నిలకడలో వాళ్ళకున్న ఇబ్బంది మెదడు ఎదుగుదలకు సంబంధించింది. చూపు ఆననివాణ్ణి కొడితే చూపు వస్తుందా? వీళ్ళను కొట్టడం కూడా అంతే.

కొట్టకపోతే గారాబమేగా అంటారు. కొట్టే ఇళ్ళలోనే గారాబం ఎక్కువగా చూశాను నేను. మధ్యాహ్నం తల్లి విసిగి నాలుగు బాదుతుంది. పావుగంటకు ఆమెకే కడుపు తరుక్కుపోయి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కన్నీళ్ళు తుడిచి, ఆవకాయ అన్నంలో నెయ్యి వేసి ముద్దలు పెడుతుంది. అడిగిన ఫోను చేతికిస్తుంది. ఆ తల్లి ప్రేమను నేను తప్పుపట్టను. బిడ్డకు అందిన పాఠం మాత్రం వేరు. దెబ్బల వెనకే ముద్దలొస్తాయి, గట్టిగా ఏడిస్తే ఫోనొస్తుంది. హోల్జ్, అజ్రిన్ 1961లో పావురాల మీద ఇదే చూపారు. తిండి దొరికే సమయాల్లోనే షాక్ ఇస్తూ పోతే, షాక్ పడగానే అవి మీటను ముక్కుతో జోరుగా పొడవడం మొదలుపెట్టాయి, తిండికి అదే గుర్తయింది కాబట్టి. డయానా బామ్‌రిండ్ 1966 నుంచీ చెబుతూ వచ్చిన మాట ఇది: అదిలింపుకూ గారాబానికీ మధ్య ఇంకో పెంపకం ఉంది. అందులో నియమాలు గట్టిగా ఉంటాయి, కారణం చెబుతారు, అన్నమాట మీద నిలబడతారు, బిడ్డ చెప్పేది వింటారు. ఆమె చిన్న దెబ్బను పూర్తిగా కొట్టిపారేసిన మనిషి కూడా కాదు. అలాంటి ఆమె కూడా పిల్లల ఎదుగుదలకు ఈ స్థిరత్వమే మూలమంది.

ఉపాధ్యాయుల బాధ నాకు తెలుసు. రెండు తరగతులు ఒకే గదిలో, యాప్‌లో ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, నెలాఖరుకు రిపోర్టులు. అంత ఒత్తిడిలో ఏ చెయ్యైనా లేస్తుంది. ఆ ఒత్తిడి పెట్టింది ప్రభుత్వం, యాజమాన్యం. దాని ఫలితం రెండో తరగతి పిల్లవాడి గణుపుల మీద పడటం ఎక్కడి న్యాయం? ఉపాధ్యాయ సంఘాలు పోస్టుల కోసం చేసే పోరాటంలో ఆ ఒత్తిడి పిల్లల మీద పడుతోందన్న మాట కూడా చేర్చాలి.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం కాపాడేది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని. ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజామున స్టడీ అవర్‌లో కునికిపాటు పడినందుకు దెబ్బ తినే పదహారేళ్ళవాడు ఆ సెక్షన్ బయట ఉన్నాడు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ హాస్టళ్ళకు, జూనియర్ కాలేజీలకు, ట్యూషన్లకు అదే నిషేధాన్ని పేరుపెట్టి వర్తింపజేయాలి. ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీల్లో పునర్బలనాన్ని బిట్లుగా చెప్పడం మాని, కొట్టకుండా తరగతి నడపడం ఎలాగో అభ్యర్థులచేత పిల్లల ముందే చేయించి చూపాలి, దానికీ మార్కులు పెట్టాలి.